మన గనుల ఊళ్ళో గురి తుపాకి



పోయిన మీటింగులో లేచిన ఒక మాట తేలకుండా మిగిలింది కదా, దాని గురించి మేం ముగ్గురం కూచుని ఈ పోస్టు రాస్తున్నాం. కొంచెం పెద్దదే. బంగారుపేట నుంచి బెంగళూరు రైల్లో పోయేవాళ్ళకి దారి పొడుగునా సరిపోతుంది.

మీటింగుకి రానివాళ్ళ కోసం సంగతి చెప్తాం. రాబర్ట్‌సన్‌పేటలో మనకి బాగా కావలసిన ఒక కుటుంబం దగ్గర పాత బి.ఎస్.ఎ. మార్టిని రైఫిల్ ఒకటి ఉంది. .22 బోరు, ఒక్కొక్క తూటా చేత్తో పెట్టి పేల్చే టార్గెట్ రైఫిల్. ఆ ఇంటి పెద్దాయన గనుల్లో ఉద్యోగం చేసే రోజుల్లో, ఇల్లూ సామానూ అమ్ముకుని దేశం విడిచిపోతున్న ఒక దొర దగ్గర లైసెన్సు మీదే కొన్నారు. పెద్దాయన పోయి చానా ఏండ్లయింది. 2019లో ఆయుధాల చట్టం మారి, ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకి మించి ఉండకూడదన్నారు. ఆ ఇంట్లో మూడున్నాయి. డబుల్ బ్యారెల్‌నీ రివాల్వర్‌నీ ఉంచుకుని, ఈ రైఫిల్‌ను తుపాకుల అంగడిలో డిపాజిట్ చేశారు. ఇప్పుడు వాళ్ళ పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు. "మీ సంఘంలో గురి నేర్చుకునే పిల్లోళ్ళున్నారు కదా, లైసెన్సు ఉన్నవాళ్ళు ఎవరన్నా తీసుకోండి, లేకపోతే సర్కారుకి అప్పజెప్పేస్తాం" అని కబురు చేశారు. సర్కారుకి పోయిన పాత తుపాకి జాస్తిగా ముక్కలై కొలిమికి చేరుతుంది.

మీటింగులో రెండు మాటలొచ్చాయి. తీసుకుందాం, పాత వస్తువుగా దాచుకోవచ్చు, పిల్లోళ్ళు పోటీల్లో వాడుకోవచ్చు అన్నది ఒకటి. రెండోది మన పెద్దాయన ఒకరు అన్న మాట: "దొరల తుపాకి మనకెందుకురా? మా నాయన గనిలో దిగినప్పుడు ఆ తుపాకులు ఎవరివైపు చూస్తా ఉండేవి?" ఆ మాటకి ఎవరూ జవాబివ్వలేదు. ఊరికే కొట్టిపారేసే మాట కూడా కాదది. అందుకే ఆ రైఫిల్ ఏ వంశానిదో, ఎవరి చేతిలో ఏ పనికి వాడిందో తెలుసుకుని రాద్దామనుకున్నాం.

ముందు దొరల తుపాకుల సంగతి. జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో గనులు చేతికి తీసుకున్నాక ఊరిగాం, చాంపియన్ రీఫ్, మారికుప్పం చుట్టూ ఏం జరిగిందో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1894లో బౌరింగ్‌పేట నుంచి రైలు, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు. ఆ మరుసటి ఏడే, 1903లో, కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ రైఫిల్ వాలంటీర్స్ అని ఒక దళం పుట్టింది. గనుల్లో పనిచేసే తెల్లవాళ్ళు, ఆంగ్లో ఇండియన్లు వారమంతా ఉద్యోగం చేసి, సెలవు పూట ఖాకీ తొడుక్కుని డ్రిల్లు, షూటింగు చేసేవాళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, దీన్ని ఇండియన్ డిఫెన్స్ ఫోర్సులో కలిపి 40వ బెటాలియన్ అన్నారు. 1920లో ఆగ్జిలరీ ఫోర్స్ వచ్చాక కోలార్ గోల్డ్ ఫీల్డ్ బెటాలియన్ అయింది. 1947లో స్వాతంత్ర్యంతో రద్దయింది. అంటే నలభై నాలుగేళ్ళు మన ఊళ్ళో సొంత సైన్యం లాంటిదొకటి ఉండింది. ఇప్పుడు కె.జి.ఎఫ్. అనగానే కుర్రాళ్ళకి ఆ సినిమాలో పోలీస్ స్టేషన్ మీద ఎర్రగా కాలేదాకా పేల్చిన మెషిన్ గన్ గుర్తొస్తుంది గానీ, ఈ బెటాలియన్ పేరు పదిమందిలో ఒకరికి కూడా తెలీదు.

ఈ దళం దేనికి? సరిహద్దు యుద్ధానికి కాదు. ఆగ్జిలరీ ఫోర్స్ పనే లోపలి భద్రత. రైల్వేలు, ఓడరేవులు, తోటలు, గనులు, తెల్లవాళ్ళు గుంపుగా ఉన్న ప్రతి చోటా ఇట్లాంటి దళం ఒకటి ఉండేది. గొడవలు లేస్తే పోలీసులకీ సైన్యానికీ సాయంగా దిగాలి. మన గనుల్లో 1930లో వేలిముద్రల పద్ధతి మీద వేలమంది కూలీలు పని ఆపేసినప్పుడు, అట్లాంటి దళం ఒకటి ఊళ్ళోనే కాపురం ఉందన్నది ఎవరూ మర్చిపోయి ఉండరు. తుపాకి పేల్చనక్కర్లేదు, అది ఉందని తెలిస్తే చాలు. మన పెద్దాయన అడిగిన ప్రశ్న ఇక్కడ నూటికి నూరుపాళ్ళూ న్యాయమైనదే.

ఇంకో సంగతి కూడా ఉంది. లిట్టన్ కాలంలో, 1878లో, ఆయుధాల చట్టం చేశారు. దేశభాషల పత్రికల నోరు కట్టే చట్టం చేసింది కూడా ఆ ఏడే. ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడు తుపాకి పట్టాలంటే లైసెన్సు కావాలి. యూరోపియన్లకీ ఆంగ్లో ఇండియన్లకీ మినహాయింపు. ఈ జాతి మినహాయింపు 1920 నాటి నియమాలతో గానీ పోలేదు. మైసూరు సంస్థానం వేరే రాజ్యం, కానీ గనుల్లోకి బతకడానికి వచ్చిన మనవాళ్ళు చిత్తూరు పక్క నుంచీ ఉత్తర ఆర్కాటు నుంచీ వచ్చారు. వాళ్ళ సొంత ఊళ్ళలో ఆ చట్టమే. అడవి పంది చేను తొక్కుతుంటే కూడా చూస్తూ ఊరుకున్న తరాలవి. ఒక్క కొడగువాళ్ళకి మాత్రం అప్పట్లోనే మినహాయింపు దొరికింది. అది మన కర్ణాటకలో ఇప్పటికీ నడుస్తోంది.

ఇక మన చేతికి రాబోతున్న రైఫిల్ ఆ బెటాలియన్‌దేనా అన్న ప్రశ్న. మేం దాన్ని డీలరు అంగడిలో, డీలరు ఎదురుగానే, నింపాదిగా చూశాం. కాదని చెప్పగలం.

బెటాలియన్ దళాలకి సర్కారు ఇచ్చేది సైనిక రైఫిల్. మొదట్లో మార్టిని రకాలు, తర్వాత లీ ఎన్‌ఫీల్డ్ .303. అవి సర్కారు సొత్తు, లెక్క ప్రకారం తిరిగి ఇచ్చెయ్యాలి. సర్కారు సొత్తు మీద బాణం గుర్తు కొడతారు, ఇండియా ఆయుధాలకైతే బాణం కింద ఐ అక్షరం కూడా ఉంటుంది. ఈ రైఫిల్ మీద ఆ బాణం ఎక్కడా లేదు. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలున్నాయి, పక్కన మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ ఉంది. ఆ బొమ్మ మనలో చాలామందికి చిన్నప్పటి నుంచీ పరిచయమే, అయినా ఎవరూ గుర్తుపట్టలేదు. బి.ఎస్.ఎ. సైకిల్ మీది బొమ్మ అది! బి.ఎస్.ఎ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో ఆ ఊరి తుపాకి పనివాళ్ళు కలిసి పెట్టుకున్న కంపెనీ. సర్కారు ఆర్డర్లు లేని ఏండ్లలో మిషన్లు ఖాళీగా ఉండకూడదని సైకిళ్ళు, ఆ తర్వాత మోటార్ సైకిళ్ళు చేశారు. మన దేశంలో ఆ పేరుతో సైకిళ్ళు చేసింది మద్రాసు టి.ఐ. సైకిల్స్ వాళ్ళు.

అసలు .22 లాంటి చిన్న తూటాతో గురి పోటీలెందుకు పెట్టారన్నది ఇంకో కథ. ఇంగ్లండులో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1859లో మొదలైంది. ఫ్రాన్సు దండెత్తుతుందన్న భయంతో వాలంటీర్ దళాలు పుట్టుకొచ్చిన కాలమది. 1860లో వింబుల్డన్ మైదానంలో మొదటి పోటీని విక్టోరియా రాణి ప్రారంభించింది. ఒక విట్‌వర్త్ రైఫిల్‌ను ఇనుప స్టాండులో బిగించి, 400 గజాల దూరానికి గురి సర్ది, ఆమె చేతికి పట్టు తాడు ఇచ్చారు. ఆమె తాడు లాగింది, గుండు నడిబొడ్డుకి ఒకటింపావు అంగుళం దూరంలో తగిలింది. ఇట్లా ఎవరు లాగినా తగిలేదే అనుకోండి. 1890లో ఆ పోటీలు బిస్లీకి మారాయి. ఇప్పటికీ అక్కడే జరుగుతున్నాయి.

కానీ అదంతా డబ్బూ తీరికా ఉన్నవాళ్ళ ఆట. పెద్ద తూటా ఖరీదెక్కువ, వందల గజాల మైదానం కావాలి. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్లతో యుద్ధం మొదలయ్యాక ఇంగ్లీషోళ్ళకి కళ్ళు తెరుచుకున్నాయి. సేద్యం చేసుకునే బోయర్ రైతులు దూరం నుంచి ఒక్కొక్కర్నే గురి చూసి కొడుతుంటే, పట్నం ఫ్యాక్టరీల నుంచి వచ్చిన ఇంగ్లీషు సిపాయిలకి రైఫిల్ పట్టుకోవడమే సరిగ్గా రాలేదు. లార్డ్ రాబర్ట్స్ (మద్రాసు సైన్యానికీ, తర్వాత మొత్తం ఇండియా సైన్యానికీ అధిపతిగా చేసినవాడే) దీన్ని పట్టుకుని ఊరూరా చిన్న రైఫిల్ క్లబ్బులు పెట్టాలని ప్రచారం చేశాడు. 1901 నుంచి కార్మికుల రైఫిల్ క్లబ్బుల సొసైటీ ఒకటి లేచింది. ఫ్యాక్టరీ షెడ్డులో, చర్చి హాలులో, 25 గజాల దూరంలో, .22 తూటాతో. గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల కన్నా కాస్త ఎక్కువ. చప్పుడు తక్కువ, తన్ను దాదాపు లేదు, ఖర్చు అణాల్లో. పని దిగి వచ్చిన ఫిట్టరూ మేస్త్రీ కూడా ఆడుకోగలిగిన ఆట అయింది.

అంటే ఈ జాతి రైఫిల్ పుట్టుకే కూలిపని చేసేవాళ్ళ కోసం. అక్కడి కూలివాళ్ళ కోసం లెండి, మన కోసం కాదు. ఆ తేడా మేం దాచిపెట్టడం లేదు. కార్న్‌వాల్ నుంచి మన గనులకి వచ్చిన తెల్ల మేస్త్రీలు ఆ కూలివాళ్ళలోంచి వచ్చినవాళ్ళే. వాళ్ళు ఇక్కడ దొరలయ్యారు.

ఇప్పుడు మార్టిని సంగతి, ఇది మాకు బాగా నచ్చిన భాగం కాబట్టి కాస్త ఓపిక పట్టండి. అమెరికాలో పీబాడీ అనే ఆయన 1862లో చేసిన పద్ధతిని స్విట్జర్లాండులో ఉన్న ఫ్రీడ్రిక్ ఫాన్ మార్టిని బాగుచేశాడు. దానికి ఎడింబరో అలెగ్జాండర్ హెన్రీ గీసిన బ్యారెల్ కలిపి 1871లో బ్రిటిష్ సైన్యం మార్టిని హెన్రీ తీసుకుంది. ట్రిగ్గర్ వెనక ఒక లీవర్ ఉంటుంది. దాన్ని కిందికి నొక్కితే లోపలి ఇనుప దిమ్మె ముందు వైపు కిందికి వాలి బ్యారెల్ నోరు తెరుచుకుంటుంది. తూటా వేలితో తోసి లీవర్ పైకి లాగితే దిమ్మె లేచి నోరు మూసేస్తుంది. బోల్టు లేదు, మ్యాగజీన్ లేదు. సిపాయికి ఇది పాతబడిపోయింది, ఎందుకంటే యుద్ధంలో ఒక్కొక్క తూటా పెట్టుకుంటూ కూచోలేడు. గురి కొట్టేవాడికి మాత్రం ఇదే వరమైంది. లోపలి సూది కదిలే దూరం తక్కువ. ట్రిగ్గర్ నొక్కిన క్షణానికీ తూటా పేలిన క్షణానికీ మధ్య ఎడం ఎంత తక్కువైతే, ఆ ఎడంలో మన చెయ్యి వణికి గురి చెదరడం అంత తక్కువ. మ్యాగజీన్ కోసం తొలిచిన ఖాళీ లేదు కాబట్టి పెట్టె గట్టిగా, బిగువుగా ఉంటుంది. సైన్యం పారేసిన పద్ధతిని బి.ఎస్.ఎ. వాళ్ళు చిన్నది చేసి, .22 బ్యారెల్ తొడిగి, ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద భాగం అమ్ముకున్నారు. 12 నంబరు, 15 నంబరు, తర్వాత 12/15, 1950ల నుంచి ఇంటర్నేషనల్. మన దగ్గరికి వచ్చింది 12/15. రెండో ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు మొదలై, యుద్ధం అయ్యాక కొన్నేళ్ళు చేసిన మోడలు. వెనక చిన్న రంధ్రం ఉన్న పీప్ సైట్, ముందు గొట్టంలో రింగు. రంధ్రంలోంచి చూస్తే కన్ను తనంతట తనే వెలుతురు మధ్యకి పోతుంది, అందుకే వయసు పైబడినవాళ్ళకి కూడా ఇది ఓపెన్ సైట్ కన్నా సులువు.

డిగ్రీలో ఎన్.సి.సి. చేసినవాళ్ళకి .22 అంటే తెలుసు. సైనిక లీ ఎన్‌ఫీల్డ్ ఒళ్ళుకే .22 బ్యారెల్ వేసిన రైఫిల్ అది. బోర్లా పడుకుని అయిదు తూటాలు పేల్చి, కాగితం మీద అయిదు చిల్లులు ఎంత దగ్గర పడ్డాయో స్కేలు పెట్టి కొలిచినవాళ్ళు మన సంఘంలో పదిమందికి తక్కువ ఉండరు. దొరల బెటాలియన్‌లోకి మనవాళ్ళని రానివ్వలేదు గానీ, 1948లో ఎన్.సి.సి. చట్టం వచ్చాక మన ఆడపిల్లలు కూడా అదే ఆట ఆడారు. 1951లో జి.వి. మావలంకర్ (లోక్‌సభ మొదటి స్పీకరు) అధ్యక్షుడిగా నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా పుట్టింది. ఆ మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున .22 రైఫిల్‌తో హరిహర్ బెనర్జీ గురి పెట్టాడు.

మరి గనుల ఊళ్ళోని సొంత తుపాకులు ఏమయ్యాయి? 1956లో మైసూరు సర్కారు గనులు తీసుకుంది, 1962లో కేంద్రం తీసుకుంది, 1972లో బి.జి.ఎం.ఎల్. అయింది. ఆ మధ్య కాలంలో దొరలు, వాళ్ళ వెనకే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇంగ్లండుకీ ఆస్ట్రేలియాకీ పోయారు. పియానోలు, బీరువాలు, తుపాకులు అమ్ముకుపోయారు. 1972లోనే వన్యప్రాణి చట్టం వచ్చి వేట ఆగిపోయింది. అప్పటి నుంచీ ఇంట్లో .22 ఉన్నవాడికి దానితో పని లేదు. డబుల్ బ్యారెల్‌కి కాపలా అన్న పేరన్నా ఉంది, రివాల్వర్‌కి దర్పం ఉంది. టార్గెట్ రైఫిల్ మాత్రం అటకెక్కింది. పైగా 1980ల నుంచి మామూలు మనిషి విదేశం నుంచి తుపాకి తెప్పించుకోవడం కుదరదు. అందువల్ల ఇంగ్లండులో చవకగా దొరికే పాత మార్టినికి ఇక్కడ లేని విలువ వచ్చింది. 2019 చట్టం దెబ్బకి మూడో తుపాకి వదలాల్సిన ప్రతి ఇంట్లోనూ ముందు బయటికొచ్చింది ఇట్లాంటిదే.

దాచుకోవడానికి తీసుకునేవాళ్ళు బెటాలియన్ .303 దొరికితే బాగుండునని అంటారు. అది దొరకదు. .303 మన దేశంలో నిషిద్ధ బోరు. సైన్యం, పోలీసుల తూటా మామూలు మనుషులకి అందకూడదని పెట్టిన నియమం. అందుకే ఇషాపూర్ ఫ్యాక్టరీ వాళ్ళు అదే లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతికి వేరే తూటా పెట్టి .315 అని అమ్ముతున్నారు. మన పల్లెల్లో పటేళ్ళ ఇళ్ళలో కనిపించేది అదే. వాడుకోకుండా ఊరికే దాచుకునే పాతవాటి విషయంలో 2020 ఫిబ్రవరిలో కేంద్రం కొంచెం సడలించింది: క్యూరియో కింద వచ్చే ఆయుధాన్ని లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు, కానీ పేల్చాలన్నా, బయట తీసుకుపోవాలన్నా లైసెన్సు కావాలి, దానిలో ఎక్కించకపోతే తూటాలు అమ్మరు. గోడకి తగిలించడానికి ఆ దారి చాలు. మనకి అది పనికిరాదు, ఎందుకంటే మనం పేల్చాలి.

రైఫిల్ ఎట్లా ఉందో కూడా చెప్పాలి. పాత .22లో ముందు చూడాల్సింది బ్యారెల్ లోపలి భాగం. పాతకాలం తూటాల మందు తుప్పు తెచ్చేది, శుభ్రం చెయ్యని బ్యారెల్ లోపల మశూచి మచ్చల్లా గుంటలు పడతాయి. దీనిలో తూటా కూచునే చోటుకి కాస్త ముందు పల్చటి మరకలున్నాయి, గుంటలు లేవు. గీతలు మూతిదాకా పదునుగా ఉన్నాయి. బ్యారెల్ పొడుగునా లోపల ఎక్కడా నల్లటి రింగు లేదు, అంటే ఒక గుండు ఇరుక్కుని ఉండగా ఇంకోటి పేల్చిన దాఖలా లేదు. దిమ్మె బిగువుగా మూసుకుంటుంది. వాల్‌నట్ చెక్క మడమ దగ్గర ఒక చిన్న చీలిక ఉంది, జిగురుతో పోతుంది. బయట రంగు వెలిసింది, దాన్ని అట్లాగే ఉంచాలి. మళ్ళీ నల్లరంగు వేయించి మెరుగు పెట్టిస్తే పాత వస్తువు విలువ సగం పోతుంది, ముద్రలు కూడా చెరుగుతాయి. నంబరు లైసెన్సులో ఉన్న నంబరుతో సరిపోయింది. ఇది అన్నిటికన్నా ముఖ్యం, నంబరు తేడా ఉంటే ఎంత మంచి రైఫిలైనా ముట్టుకోకూడదు.

పోటీకి పనికొస్తుందా అంటే, ఏ పోటీకన్నది చూడాలి. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డం 10.4 మిల్లీమీటర్లు. మన పూర్వపు రూపాయి బిళ్ళలో సగం కూడా లేదు. మంచి బ్యారెల్ ఉన్న మార్టిని, మంచి తూటా పెడితే, పది గుళ్ళనూ ఆ రూపాయి బిళ్ళంత చోట దించుతుంది. జాతీయ స్థాయిలో గెలవడానికి అది చాలదు. అక్కడ అందరి చేతిలోనూ జర్మనీ అన్షూట్జ్, వాల్తర్‌లే. హైదరాబాదులో పెరిగి 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన గగన్ నారంగ్‌కి రైఫిల్ కొనడానికి వాళ్ళ నాయన ఇంటి స్థలం అమ్మారని పత్రికల్లో చదివాం. మన పిల్లోళ్ళ నాయనలకి అమ్మడానికి స్థలం కూడా లేదు, 2001 ఫిబ్రవరి 28న గనులు మూసినప్పటి నుంచి క్వార్టర్సు సంగతే తేలలేదు. వాళ్ళు ఇప్పుడు లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిల్‌తో పది మీటర్లు కొడుతున్నారు. ఆ తర్వాత మెట్టు .22, అక్కడే ఆగిపోతున్నారు. బోర్లా పడుకుని ఊపిరి బిగపట్టడం, గాలి చూసుకోవడం, స్లింగ్ కట్టుకోవడం నేర్చుకోవడానికి, జిల్లా రాష్ట్ర స్థాయి పోటీల్లో కూచోవడానికి ఈ రైఫిల్ బాగా సరిపోతుంది. పన్నెండేళ్ళు నిండిన పిల్లలు లైసెన్సుదారు కళ్ళెదుట, శిక్షణలో, పేల్చవచ్చని 2016 నియమాల్లో ఉంది. వాళ్ళు ఇంటికి తీసుకుపోవడానికి లేదు.

సంఘం పేరు మీద కొనలేం. మనది రైఫిల్ క్లబ్బు కాదు. లైసెన్సు ఉన్న, రెండో తుపాకికి చోటు ఉన్న మనిషి పేరు మీదే రావాలి. మనలో అట్లాంటివాళ్ళు ఇద్దరున్నారు, ఇద్దరూ ఒప్పుకున్నారు. చట్టం అయిదో సెక్షను ప్రకారం అమ్మేవాళ్ళు ముందు కలెక్టరుకో, దగ్గరి పోలీస్ స్టేషనుకో రాతపూర్వకంగా చెప్పి, 45 రోజులు ఆగాలి. ఆ తర్వాతే చేతులు మారాలి. కొనేవాళ్ళ లైసెన్సులో డి.సి. ఆఫీసు వాళ్ళు ఎక్కించాలి. ఇంకో ఇబ్బంది కూడా ముందే చెప్పేస్తాం. ఎలక్షన్లొస్తే తుపాకులు ఠాణాలో పెట్టమంటారు. మనలో ఒకాయన తుపాకి ఒక ఠాణాలో వానాకాలమంతా గోనెపట్టలో ఉండి, చెయ్యి పెడితే తుప్పు రాలే స్థితిలో తిరిగొచ్చింది. పోటీల్లో ఆడేవాళ్ళకి దీన్నుంచి మినహాయింపు అడిగే వీలుంది, దానికి రైఫిల్ అసోసియేషన్ సభ్యత్వం కాగితాలు సిద్ధంగా పెట్టుకోవాలి. మినహాయింపు రాకపోతే నూనె పట్టించి, రసీదు తీసుకుని డీలరు దగ్గర పెట్టడం మేలు.

ఇక మన పెద్దాయన ప్రశ్న. ఈ రైఫిల్ బెటాలియన్‌ది కాదు, దీంతో ఎవరినీ బెదిరించి ఉండరు. ఇది కాగితానికి చిల్లులు పెట్టడానికి తప్ప దేనికీ చెయ్యలేదు. అయినా ఇది పెరిగిన ఇల్లు ఆ క్లబ్బుల, ఆ బంగళాల ఇల్లే. మా మట్టుకు మేం దాన్ని తీసుకోవాలనే అంటున్నాం, కానీ గోడకి తగిలించి పక్కన దొర ఫొటో పెట్టడానికి కాదు. పక్కన పెట్టే కాగితంలో 1903 నుంచి 1947 దాకా ఎవరికి తుపాకి ఉండింది, ఎవరికి లేకుండా పోయింది అన్నది తెలుగులోనూ కన్నడలోనూ తమిళంలోనూ రాసి పెడదాం. పెద్దాయనకి మేం ఇదే చెప్పాం. ఆయన ఊఁ అనలేదు, కాదనీ అనలేదు. "బ్యారెల్ మంచిగుందా?" అని మాత్రం అడిగారు.

రైఫిల్ పెట్టెలో ఒక అట్ట కవరు ఉంది. దాంట్లో పాత టార్గెట్ కార్డులు పాతికదాకా ఉన్నాయి, 25 గజాలవి, పక్కన పెన్సిలుతో స్కోర్లు. పేర్లు లేవు. రెండు మూడు కార్డుల వెనక లెక్క కూడిన చేతిరాత వేరేగా ఉంది, అంకెలు తెలుగువి. షూటింగు జరిగే చోట టార్గెట్లు మార్చేవాళ్ళూ చిల్లులు లెక్కపెట్టేవాళ్ళూ ఉంటారు కదా. మీ ఇళ్ళలో తాతలో, తాత అన్నదమ్ములో అట్లాంటి పని చేశారని ఎవరికన్నా విన్న గుర్తు ఉంటే మాకు చెప్పండి. కార్డుల ఫొటోలు గ్రూపులో పెడుతున్నాం. వచ్చే ఆదివారం తమకలో కలుస్తున్నాం, ఆ కుటుంబానికి నెలాఖరులోపు జవాబు చెప్పాలి.